రీఛార్జ్ చేశాడు, డబ్బులు తీసుకోలేదు

ప్రశ్న: 2005లో బాబుకి నాలుగేళ్లప్పుడు అత్త దగ్గర వదిలి, ఖాదిం వీసా (ఇంటిపని వీసా) మీద కువైట్ వెళ్లాను. మొదటి ఇంట్లో కొడుతుంటే పారిపోయాను. అకామా (అక్కడ ఉండేందుకు అనుమతి) లేక ఇరుక్కుపోయాను. ఆరేళ్లు డబ్బు పంపాను, రసీదులున్నాయి. తర్వాత అత్త నంబరు మారింది. 2024లో, అకామా లేనివాళ్లకి కువైట్ ప్రభుత్వం ఇచ్చిన క్షమాభిక్షలో తిరిగొచ్చాను. మొన్న రాజంపేటలో రీఛార్జ్‌కి వెళ్తే కౌంటర్ వెనుక మా అబ్బాయి. ‘నంబర్ చెప్పండమ్మా’ అన్నాడు. నా నోట్లోంచి వాడి ముద్దుపేరు వచ్చేసింది. తలెత్తి చూశాడు. రీఛార్జ్ చేశాడు, డబ్బులు తీసుకోలేదు. మళ్లీ వెళ్లనా?

జవాబు: అమ్మా, ఆ డబ్బులు ఎందుకు తీసుకోలేదో నాకూ తెలీదు. జాలో, కోపమో, మిమ్మల్ని త్వరగా పంపేయాలనో. చెయ్యి వణికి గల్లాపెట్టె తెరవలేకపోయాడేమో కూడా. దాన్ని పట్టుకుని ఆశ పెంచుకోకండి.

షాపుకి మాత్రం మళ్లీ వెళ్లొద్దు. కౌంటర్ వెనుక ఉన్నవాడు లేచి వెళ్లిపోలేడు. పక్కన ఓనరు, ఎదురుగా కస్టమర్లు. పెద్దమనుషుల్నీ పంపకండి. పదిమందిలో కూర్చోబెట్టి అడిగితే అతను ఇష్టం లేకపోయినా తలూపుతాడు, లేదా మొండికేస్తాడు.

ఉత్తరం రాయండి, ఒక పేజీ చాలు. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పెట్టిన బాధలతో మొదలుపెట్టకండి. అవి అబద్ధమని కాదు, ఇళ్లలో పనికి వెళ్లినవాళ్ల పాస్‌పోర్టులు లాక్కున్న సంగతులు కడప వైపు ఎవర్నడిగినా చెబుతారు. కానీ నాలుగేళ్ల పిల్లాడికి కఫీల్ తెలీదు, అమ్మ రాలేదనే తెలుసు. ‘నిన్ను వదిలి వెళ్లింది నేనే’ అన్నది మొదటి వాక్యం కావాలి. రసీదులు దాచుకోండి, అడిగితేనే చూపించండి. మీ అత్తగారి గురించి ఒక్క మాటా వద్దు. అతనికి జ్వరమొస్తే పక్కన కూర్చున్నది ఆవిడే.

నాకు అర్థం కానిది ఒకటుంది. డబ్బు పంపడం ఆగాక పదమూడేళ్లు గడిచాయి. అత్త నంబరు మారింది సరే, ఊళ్లో ఇంకో నంబరే దొరకలేదా? గట్టిగా అడుగుతున్నానని బాధపడకండి. అతను మొదట అడిగేదీ ఇదే, అప్పుడు మీరు తడబడకూడదు. ముఖం చెల్లక చేయలేదంటే అదే రాయండి.

చివర్లో మీ ఫోన్ నంబరు పెట్టి వదిలేయండి. ఫలానా రోజులోగా చెప్పమని అడగొద్దు. ఈలోగా నిద్ర పట్టక టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితమే, తెలుగులో మాట్లాడతారు.

నెల ప్లానైతే మీ రీఛార్జ్ చాలావరకు 28 రోజులకే అయిపోతుంది. ఈసారి వేరే షాపులో చేయించుకోండి.