ఉప్పెన కబుర్లు అడగబోయే ముందు

చి. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నవంబర్ 19న ఊళ్లో పెద్దవాళ్లని రామాలయం అరుగు మీద కూర్చోబెట్టి, 1977 ఉప్పెన సంగతులు వాళ్ల నోటే చెప్పిస్తానన్నావు. తప్పకుండా చెయ్యి. ఆనాడు ఐదారేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకే ఇప్పుడు యాభై దాటాయి. ఆ ఉప్పెన ముంచేసిన దివిసీమలో ఎన్నో గడపల్లో కూర్చుని ఆ మాటలు విన్నదాన్ని గనక నాకు తోచింది రాస్తున్నాను.

"ఆ రోజు ఏం జరిగింది?" అని మొదలుపెట్టకు. అంతకుముందు ఇల్లెలా ఉండేది, పాడి ఎంత, ఆ ఏడు చేలెలా ఉన్నాయి, అవి అడుగు. ఒకావిడ నాతో చాలాసేపు తన గేదె గురించే మాట్లాడింది. చెంబు చప్పుడు వింటే చాలు, అరిచేదట. ఆ తర్వాత, నేను అడక్కుండానే, పోయిన కొడుకు పేరెత్తింది. ఉట్టి మీది బెల్లం ఎలా దొంగిలించేవాడో చెప్పి నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. సొర్లగొంది, హంసలదీవి లాంటి ఊళ్ల పేరెత్తగానే అందరూ ఎన్ని వేలమంది పోయారో చెబుతారు. ఆ తల్లికి కావలసింది వాడి అల్లరి వినే మనిషి.

మీ నాయనమ్మ నోరు విప్పకపోతే వదిలెయ్యి, బతిమాలకు. కష్టం చూసినవాళ్లని జరిగింది చెప్పమని ఒత్తిడి చెయ్యొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలోనూ ఉంది. ఆవిడ ఊరికే వచ్చి వింటూ కూర్చున్నా మంచిదే.

నలుగురినీ ఒకచోట చేర్చడంలో ఉన్న మేలు నేను కళ్లారా చూశాను. "నా చెయ్యి జారింది, నా వల్లే తమ్ముడు పోయాడు" అని ఏళ్లతరబడి లోపల కుమిలిపోయిన పెద్దాయన ఒకసారి అందరి ముందూ ఆ మాట అన్నాడు. పక్కనున్నాయన, "గోడలే నిలవని నీళ్లురా అవి, నీ చెయ్యి ఎంత? నేనూ మా అమ్మాయిని పట్టుకోలేకపోయాను" అన్నాడు. ఆ మాట నువ్వో నేనో అంటే ఓదార్పు కింద పోతుంది. ఆ నీళ్లలో తాటిచెట్టు పట్టుకుని బతికినవాడు అన్నాడు గనక ఆయన నమ్మాడు.

కథని మాత్రం అలల దగ్గర ఆపి లేవకండి. ఉప్పు పట్టిన చేలో మళ్లీ నాట్లు ఎప్పుడు వేశారు, తిండిగింజలు ఎవరిచ్చారు, ఊళ్లో మొదటి పెళ్లి ఎవరిది, అక్కడిదాకా రానివ్వు. అప్పటి అవనిగడ్డ ఎమ్మెల్యే మండలి వెంకట కృష్ణారావు గారు దగ్గరుండి సాయం చేయించిన సంగతులు వాళ్లే ఉత్సాహంగా చెబుతారు. పిల్లలు వినాల్సింది ఆ భాగమే ఎక్కువ.

ఫోన్లో రికార్డు చేసేముందు ఒక్కొక్కరినీ విడిగా అడుగు. పొద్దున్నే పెట్టు, చీకటిపడితే భయం తిరగబెడుతుంది. మర్నాడు మాట్లాడినవాళ్ల ఇళ్లకి వెళ్లి పలకరించు. ఎవరికైనా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా మళ్లీ చెప్పించకు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

ఎన్నింటికో ఖాయం చేసి ఫోన్ చెయ్యి. నేను ముందురోజే వచ్చేస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ