రెండు మిషన్లు కొనే ముందు ఈ మామ మాట విను

అబ్బయా,

పిల్లలకి టీవీలో ఆడే గేమ్ మిషన్ ఒకటి, చేతిలో పట్టుకుని ఆడేది ఒకటి, రెండూ కొంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. కాస్త ఆగు. తొంభైల్లో నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్క సందులో గంటకింత అని టీవీ గేములు ఆడించినవాణ్ణి, అప్పట్నుంచీ వాటిని విప్పి బాగుచేస్తున్నవాణ్ణి, అందుకే చెబుతున్నా, రెండు పనులూ చేసేది ఒక్కటి కొను చాలు.

విడివిడిగా కొంటే గేములు కూడా రెండు సార్లు కొనాలి. ఈ తిప్పలు తయారు చేసేవాళ్లకీ ఉండేవి. నింటెండో అనే జపాన్ గేముల కంపెనీవాళ్లు 2011లో 3డీఎస్ అని చేతి మిషన్, 2012లో వీ యూ అని టీవీ మిషన్ తెచ్చారు. మొదటిది ఏడున్నర కోట్ల మిషన్లు అమ్ముడైంది, రెండోది కోటీ 36 లక్షల దగ్గరే ఆగింది. ఉన్న మనుషులే రెండింటికీ గేములు చేయాలంటే ఎక్కడవుతుంది? 2013లో ఆ రెండు విభాగాల్నీ కలిపేశారు, 2017 మార్చిలో టీవీకీ చేతికీ ఒకటే మిషన్‌గా స్విచ్ వచ్చింది. అది 15 కోట్లు దాటింది.

దాని పనితనం చూడాల్సిందే. టీవీకి కలిపే డాక్ అనే స్టాండులోంచి పైకి లాగుతావు, టీవీ నల్లబడుతుంది, అదే ఆట, అదే దూకు, నీ చేతిలోని 6.2 అంగుళాల తెర మీద కొనసాగుతుంది. డాక్‌లో ఉంటే కరెంటు ఉంది కదా అని చిప్ వేగం పెంచుకుంటుంది, బయటికొస్తే బ్యాటరీ కోసం తగ్గించుకుంటుంది. లోపల జరిగేది అంతే.

స్విచ్‌లోనే లైట్ అనే రకం మాత్రం తక్కువకొస్తుందని తీసుకోకు, అది టీవీకి పెట్టేందుకు కుదరదు. 2025లో వచ్చిన స్విచ్ 2కి డబ్బు సరిపోతే మంచిదే, పాత స్విచ్ గేములు చాలావరకు అందులో ఆడతాయి.

ఇంకోటి, ఇది నువ్వు ఆలోచించి ఉండవు. రెండు మిషన్లు ఒకటయ్యాయంటే ఇంట్లో ఇద్దరు పిల్లలకి ఒకటే మిషన్. పెద్దోడు దాన్ని తీసుకుని మిద్దెక్కితే చిన్నదానికి మిగిలేది ఖాళీ డాక్. కొన్న రోజే వంతులు తేల్చు, ఇద్దరికీ వేరే వేరే ప్రొఫైల్ పెట్టు, లేకపోతే ఒకరి ఆట ఒకరు చెరిపేసి ఏడుస్తారు. ఆట ఎంతవరకు వచ్చిందో గుర్తుండేది మిషన్‌లోనే, గేమ్ వచ్చే కార్డులో కాదు.

మన ఎండలు నీకు తెలుసు. 35 డిగ్రీల లోపు వాడమని కంపెనీవాళ్లే చెబుతారు, రోహిణీ కార్తెలో ఒంగోల్లో అది కుదిరే మాటేనా? డాక్‌ని టీవీ స్టాండు అరలో ఇరికించకు, గాలి ఆడేలా బయట పెట్టు. డాక్, ఛార్జర్ కంపెనీవే వాడు. చవకని నేనొకసారి వేరే డాక్ తెచ్చి పెట్టా, వారానికే కింది సాకెట్ కాలి నల్లగా అయ్యింది, ఆ వాసన ఇప్పటికీ గుర్తే.

మన దగ్గర దొరికేవి ఎక్కువగా బయట దేశం నుంచి తెచ్చినవి, వారంటీ ఎవరిస్తారో ముందే అడుగు. డబ్బులు కట్టే ముందు బొమ్మని నడిపే రెండు పుల్లలూ అన్ని వైపులా తిప్పి చూడు, వదిలేశాక కూడా బొమ్మ దానంతటదే జరుగుతుంటే ఆ మిషన్ వద్దు.

షాపుకెళ్లే ముందురోజు ఫోన్ చెయ్యి, పినాకినీ రైలెక్కి నేనే వస్తా.

మీ మామ