బెంజి డిక్కీ మీది అంకెను నమ్మొచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం మెర్సిడెస్ బెంజి కంపెనీ ఇ-క్లాస్ కారు గురించే. ఒడిశా జయపురంలో ఒకాయన కొంటున్నాడన్న కబురు రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి దాకా పాకిందేమో మరి. ట్రాక్టర్లు, స్కూటర్ల ప్రశ్నలు పంపినవాళ్లు ఏమీ అనుకోకండి, మీ వంతు వచ్చే నెల.

ప్రశ్న: అన్నయ్యా, జయపురంలో నాది బట్టల హోల్‌సేల్ వ్యాపారం. హైదరాబాద్‌లో 2018 మోడల్ ఇ220డి చూసి అడ్వాన్స్ ఇచ్చేశాను. డిక్కీ మీద 220 అని ఉంటే 2200 సీసీ అనుకున్నా. తీరా ఆర్సీలో 1950 అని ఉంది. అడిగితే అమ్మేవాడు నవ్వి ఊరుకున్నాడు. ఇంజిన్ మార్చేశారంటారా?

జవాబు: ఎవరూ మార్చలేదు తమ్ముడూ, టెన్షన్ వదిలెయ్. ఆ బండికి పుట్టుకతో వచ్చిన ఇంజినే 1950 సీసీ, బలం 194 హార్స్‌పవర్. అబద్ధమాడుతున్నది డిక్కీ మీది అంకె, అది కూడా మొదటి నుంచీ అబద్ధాలకోరు కాదు. మా చిన్నప్పటి బండ్లలో 240డి అంటే 2.4 లీటర్ల డీజిల్, 280ఇ అంటే 2.8 లీటర్ల పెట్రోలు, అంకె చూస్తే ఇంజిన్ తెలిసిపోయేది. చివర్లో ఉన్న ఆ ఇ ఎగ్జిక్యూటివ్ కాదు (బరంపురం నుంచి ఇద్దరు స్నేహితులు పందెం కాసి మరీ రాశారు, ఎగ్జిక్యూటివ్ అన్నవాడు ఎకానమీ అన్నవాడు ఇద్దరూ ఓడిపోయారు), అది జర్మన్‌లో ఐన్‌స్ప్రిట్సుంగ్, అంటే పెట్రోలును కార్బ్యురేటర్‌తో కాకుండా ఇంజెక్షన్‌తో పంపడం. అప్పట్లో అదో గొప్ప కాబట్టి వెనక రాసుకునేవారు. తర్వాత అన్నిటికీ ఇంజెక్షనే వచ్చేసరికి ఆ అక్షరానికి పని లేకుండా పోయింది. 1993లో కంపెనీవాళ్లు దాన్ని అంకె వెనక నుంచి తీసి ముందు పెట్టారు, 220ఇ కాస్తా ఇ220 అయింది, ఇంజిన్ గుర్తు ఇంటిపేరుగా మారింది. ఆ కంపెనీ కార్ల హోదాల్లో పై అంతస్తు ఎస్, కింది అంతస్తు సి, మధ్య అంతస్తు ఇ.

ఆ తర్వాత టర్బోలు ముదిరి చిన్న ఇంజిన్లే పెద్దవాటి పని చేసేస్తుంటే అంకె లీటర్లను వదిలేసి హోదా చెప్పడం మొదలెట్టింది. ఇప్పటి ఇ450లో ఉన్నది మూడు లీటర్ల ఇంజినే. అందుకని డిక్కీ బిళ్లను వదిలేసి ఆర్సీలో సీసీ, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో చూసుకో. బిళ్ల ఎవడైనా కొని అంటించుకోవచ్చు.

నువ్వు అడగని సంగతి ఒకటి చెబుతాను, నిజానికి భయపడాల్సింది దానికి. ఈ డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, మసి కాలి బూడిదవ్వాలంటే బండి కాసేపు ఆగకుండా వేడి మీద పరిగెత్తాలి. ఇంటి నుంచి కొట్టుకు, కొట్టు నుంచి ఇంటికి రెండేసి కిలోమీటర్లు తిప్పితే అది మూసుకుపోతుంది. నువ్వు సరుకుకి నెలకు నాలుగుసార్లు విశాఖ వెళ్లేవాడివైతే డీజిల్ తీసుకో, ఊళ్లో షికారుకే అయితే పెట్రోలు ఇ200 వెతుక్కో. ఇంకోటి, సుంకి ఘాట్ దిగేటప్పుడు ఆటోమేటిక్ గేరు కదా అని డి లో వదిలేసి బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగొద్దు. స్టీరింగ్ వెనక చిన్న రెక్కలుంటాయి, వాటితో కింది గేరుకు తెచ్చుకో, సాలూరు లారీవాళ్లు చేసేది కూడా అదే.

ప్రశ్న: మా తాతగారు సాలూరులో లారీ డ్రైవరు. ఎప్పుడూ 'మా బెంజి లారీ' అనేవారు. ఆ లారీకీ ఈ కారుకూ చుట్టరికం ఉందాండీ? రాయగడలో మా ఫ్రెండ్స్ నవ్వుతున్నారు.

జవాబు: నవ్వినవాళ్లకి ఈ పేజీ చూపించండి. 1954లో టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్, జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు కట్టింది, ముందు భాగాన బెంజి గుర్తు, ఆ మూడు కొమ్ముల చుక్క కూడా ఉండేది. 1969లో ఒప్పందం అయిపోయింది, చుక్క పోయింది, మన డ్రైవర్ల నోట్లో మాత్రం బెంజి అన్న మాట ఉండిపోయింది. అదే రెండు కంపెనీలు 1994లో మళ్లీ చేతులు కలిపి పుణె దగ్గర కార్లు మొదలుపెట్టాయి, 1995లో బయటికొచ్చిన మొదటి కారు మీరడిగే ఈ ఇ-క్లాసే, డబ్ల్యు124 అనే తరం. జర్మనీలో అది 1984లో పుట్టింది, అక్కడ దిగిపోయే వేళకు మనకు వచ్చింది. ఆఖరి బంతిలో కూర్చోబెట్టారన్నమాట. అయినా వడ్డించింది మంచి భోజనమే, ఒంటి వైపర్ ఉన్న ఆ చదరపు బండిని మించింది ఆ కంపెనీ తర్వాత చేయలేదని నా లెక్క.

ఈ వరసను జనం షోకు బండి అంటారు గానీ దాని అసలు బతుకు చాకిరీ. దానికి ముందున్న డబ్ల్యు123 తరం 1976 నుంచి దాదాపు పదేళ్లలో సుమారు 27 లక్షల బండ్లు అమ్ముడైంది, జర్మనీలో టాక్సీలన్నీ అవే అన్నట్టుండేవి. అంతకన్నా ముందు తరం 240డి ఒకటి గ్రీసులో ఒక టాక్సీ డ్రైవరు దగ్గర 46 లక్షల కిలోమీటర్లు తిరిగింది, 2004లో దాన్ని కంపెనీయే తీసుకుని మ్యూజియంలో పెట్టుకుంది. మీ తాతగారు వింటే ఆ డ్రైవరుతో బీడీ పంచుకునేవారు.

ప్రశ్న: సార్, గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. 2004 మోడల్ ఇ-క్లాస్ మూడు లక్షలకే వస్తోంది. నాన్నను ఎలా ఒప్పించాలి?

జవాబు: మీ నాన్నగారు ఒప్పుకోకపోతే ఆయనకు నా నమస్కారాలు చెప్పు. 2002లో వచ్చిన డబ్ల్యు211 చూడ్డానికి అందంగా ఉంటుంది, నడిపితే ఇంకా బాగుంటుంది, కానీ మొదటి నాలుగేళ్ల బండ్లలో బ్రేకు పెడల్‌కీ చక్రానికీ మధ్య కంప్యూటరు, కరెంటు పంపు పెట్టారు. గొడవలొచ్చి 2004లో, మళ్లీ 2005లో ప్రపంచవ్యాప్తంగా లక్షల బండ్లను వెనక్కి పిలిచారు, 2006లో ఆ పద్ధతినే ఎత్తేశారు. ఆ పంపు పోతే ఎంత పెట్టాలో ముందు కనుక్కుని, తర్వాత ఆ మూడు లక్షల మాట ఎత్తు. దానికి ముందరిది, నాలుగు గుండ్రటి కళ్లది, డబ్ల్యు210, తుప్పుకు పేరుమోసింది. మన వానల్లో దాన్ని ఆరుబయట పెడితే తలుపుల కింద వేలితో పొడవొచ్చు. చదువు అవనీ బాబూ.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మావారు కొత్తది కొంటానంటున్నారు. మా సందులో ఆటో తిరగడమే కష్టం. కాస్త పొట్టిది దొరకదా? విదేశాల్లో ఉన్న మా మరిది బండి ఇంత పొడుగు లేదు.

జవాబు: దొరకదమ్మా. మీ మరిదిగారిది మామూలు కొలత, మనకు 2017 నుంచి పొడుగుదే అమ్ముతున్నారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం అక్కడ 2939 మిల్లీమీటర్లైతే మన దగ్గర 3079, అంటే 14 సెంటీమీటర్లు ఎక్కువ, అదంతా వెనక సీటులో కూర్చునేవారి మోకాళ్లకి. ఇక్కడ ఈ బండి కొనేవాళ్లు స్టీరింగ్ పట్టరు, డ్రైవరుని పెట్టుకుంటారని కంపెనీ లెక్క, ఆ లెక్క తప్పు కూడా కాదు. 2024లో మనకొచ్చిన కొత్త తరంలో ఆ దూరం 3094 అయింది, బండి మొత్తం పొడుగు 5 మీటర్ల పైనే. ఇ200, ఇ220డి, ఇ450 అని మూడు రకాలు, వచ్చినప్పుడు షోరూమ్ ధర 78.5 లక్షల నుంచి మొదలు. డిక్కీ పొడుగ్గా ఉండే ఎస్టేట్ యూరప్ సరదా, మన వరకు 2018లో ఎత్తు పెంచిన ఎస్టేట్ ఒకటి కొన్నాళ్లు కనబడి పోయింది. బీఎండబ్ల్యూ 5 సిరీస్ చూద్దామన్నా 2024 నుంచి అదీ పొడుగుదే. మీ సందు వెడల్పు టేపుతో కొలిచి ఆ కాగితం మీవారి చేతిలో పెట్టండి, ఏమైందో వచ్చే నెల రాయండి, నేను చెప్పడం కన్నా అది బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: (మళ్లీ జయపురం తమ్ముడే) తెలంగాణ నంబరుతోనే తిప్పుకోవచ్చా?

జవాబు: పన్నెండు నెలలు దాటితే కుదరదు. మన కోరాపుట్ జిల్లా ఓడీ-10 నంబరు వేయించాలి. హైదరాబాద్ ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), బండి మీద లోను ఉండి ఉంటే బ్యాంకు ఇచ్చే క్లియరెన్స్, ఈ రెండూ చేతిలో పడ్డాకే మిగతా డబ్బు ఇవ్వు. లైఫ్ టాక్స్ ముందు కోరాపుట్‌లో కట్టాలి, హైదరాబాద్‌లో కట్టినదాంట్లో మిగిలింది వాపసు కోసం తర్వాత అర్జీ పెట్టుకోవాలి, ఆ తిరుగుడుకి ఓపిక ఉంచుకో. అడ్వాన్స్‌కి రసీదు తీసుకున్నావా? ఉత్తరంలో ఆ మాటే రాయలేదు.