వెబ్‌సైట్లు నడిపే డ్రూపల్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఫీల్డ్‌కి సొంత సెట్టింగ్ కలపాలంటే కొత్త విడ్జెట్ (ఫామ్‌లో ఆ ఫీల్డ్‌ని నింపే భాగం) రాయాలా?

అక్కర్లేదు, ఒక చిన్న మాడ్యూల్‌లో (డ్రూపల్‌కి అదనంగా చేర్చే కోడ్) థర్డ్ పార్టీ సెట్టింగ్స్ హుక్ (డ్రూపల్ తానే పిలిచే ఫంక్షన్) రాస్తే ఉన్న విడ్జెట్‌కే మీ ఆప్షన్ చేరుతుంది. డ్రూపల్ 8 నుంచి ఫామ్ డిస్‌ప్లే కాన్ఫిగరేషన్‌లో (ఫామ్‌లో ఫీల్డ్‌లు ఎలా కనిపించాలో చెప్పే సెట్టింగ్‌లు) ఇతర మాడ్యూళ్ల విలువలకు విడిగా చోటుంది. ఏ మాడ్యూల్ విలువ దాని పేరు కిందే సేవ్ అవుతుంది కాబట్టి ఒకదాని సెట్టింగ్ మరొకదాన్ని చెరపదు. కొత్త విడ్జెట్ కంటే ఇదే మేలు.

ఉదాహరణకు, టెక్స్ట్ ఫీల్డ్‌కి 'అక్షరాల లెక్క చూపించు' అనే చెక్‌బాక్స్ పెట్టారనుకోండి. టిక్ చేసి సేవ్ చేయగానే లెక్క కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. కనిపించదు. ఈ హుక్ పని ఆప్షన్ చూపించడం వరకే. సేవ్ అయిన విలువను చదివి ఫామ్‌ను మార్చే కోడ్ విడ్జెట్ ఆల్టర్ హుక్‌లో మీరే రాయాలి. కాన్ఫిగరేషన్ స్కీమా (సెట్టింగ్ విలువ ఏ రకమో చెప్పే వివరణ) రాయడం కూడా మరవకండి. ఫామ్ మోడ్ (అదే కంటెంట్‌కి మరో ఫామ్ రూపం) మారితే సెట్టింగ్ అక్కడ మళ్లీ పెట్టాల్సిందే.