కుండీలోంచి నేలకి మార్చేముందు వేర్లు చూడవే

బుజ్జమ్మా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఇన్నేళ్లుగా కుండీల్లో పెంచిన చెట్లన్నీ తీసి ఇంటి వెనక జాగాలో నాటేస్తావంట, వానలు మొదలైతే చాలు గడ్డపార పట్టుకుంటావంట. వినగానే ఎంత గర్వంగా అనిపించిందో, ఆ వెంటనే అంత భయమూ వేసింది, ఎందుకంటే నీది అచ్చం మీ పెదనాన్న తొందర. అందుకే ఇంత పెద్దది రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

గుంట వెడల్పుగా తవ్వు, లోతు మాత్రం మట్టిగడ్డ ఎంతుందో అంతే. సాయంత్రం పూట నాటు. నాటగానే నీళ్లు పొయ్యి. కొత్త వేర్లు పట్టేదాకా ఎండ మరీ తగలకుండా చూడు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియంది చెప్తా విను. చెట్టు పైకి ఎంత ఎత్తుంటే కిందకి అంత లోతు వేరుంటుందని చాలామంది అనుకుంటారు, అదేం లేదు. చాలా చెట్లకి వేర్లలో ఎక్కువ భాగం పైన 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి, గాలి ఆడేది అక్కడే మరి, వేరు కూడా ఊపిరి పీల్చాలి కదా. పక్కలకి మాత్రం కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో బోసియా జాతి చెట్టు వేరు ఒకటి 68 మీటర్ల లోతులో దొరికింది, నీళ్ల కోసం బోరు వేస్తుంటే బయటపడింది, అది దాని అవసరం. నీ చెట్టుని నిలబెట్టేవి ఆ పక్కలకి పాకే వేర్లే, అవి నాలుగు వైపులా సమంగా పోతేనే గాలికి తట్టుకుంటుంది.

ఇక మీ పెదనాన్న చెట్టు సంగతి. నువ్వు పుట్టకముందు. ఆయన ఒక మొక్కని కుండీలో చాలాకాలం పెంచారు, ప్రాణంగా చూసుకునేవారు, చివరికి నేలలో పెట్టేరోజు కుండీ పగలగొట్టి మట్టిగడ్డ చెక్కుచెదరకుండా అలాగే గుంటలో దించారు. వేర్లు కాస్త విడదీయండి అంటే వినలేదు, ముట్టుకుంటే చచ్చిపోతుందని ఆయన భయం. ప్రేమే, కాదనను. చెట్టు బ్రహ్మాండంగా పెరిగింది కూడా, ఏళ్ల పాటు నన్ను దెప్పారు చూశావా అని. తర్వాత ఒక పక్క ఆకులు చిన్నవవడం మొదలైంది, కొమ్మలు ఎండాయి, ఎరువేశారు, నీళ్లు పెంచారు, ఏం లాభం లేదు. ఒకరోజు గాలి వచ్చింది, తుఫానేం కాదు, మామూలు గాలే, చెట్టు మొదలంటా పక్కకి ఒరిగిపోయింది. తవ్వి చూస్తే కింద వేర్లు ఇంకా ఆ కుండీ ఆకారంలోనే ఉన్నాయి! కుండీ లేదు, ఎప్పుడో పోయింది, వేర్లు మాత్రం గుండ్రంగా తిరుగుతూ అక్కడే లావయ్యాయి, ఒకటైతే చెయ్యంత లావున మొదలు చుట్టూ బిగుసుకుని ఉంది. ఎందుకలా అంటే, వేరు కొన గోడ తగిలితే ఆగదు, వంగి గోడ వెంబడే పోతుంది, ఒకసారి చెక్కబారాక ఇంక నిటారు అవ్వదు. చుట్టుకున్న వేరు, మొదలు రెండూ లావెక్కేకొద్దీ ఒకదాన్నొకటి నొక్కుతాయి, ఆకులు చేసిన తిండి బెరడు కింద పోషక కణజాలంలోంచి కదా వేర్లకి దిగేది, ఆ దారి నలిగిపోతుంది. పైన పచ్చగా ఉన్న చెట్టు కింద ఆకలితో ఉంటుంది. ఆయన ఆ పక్కనే కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు, నేనూ ఏం అనలేదు, ఏమంటాం.

అందుకని నువ్వు మాత్రం కుండీ తీయగానే చూడు. సన్న వేర్లు చుట్టుకుని ఉంటే వేళ్లతో బయటికి విడదియ్యి, గట్టిగా అల్లుకుపోతే పదునైన కత్తితో గడ్డ పక్కన పైనుంచి కిందికి మూడు నాలుగు చోట్ల కొయ్యి, మొదలుకి చుట్టుకున్న లావు వేరుంటే కత్తిరించి తీసెయ్యి. భయపడకు, కోసిన చోట వెనక నుంచి కొత్తవి పుట్టి బయటికి పోతాయి. కాండం వేరుగా మారే చోటు మట్టిలో పూడ్చకు, నేల మట్టానికే ఉండాలి.

నాటిన రెండోరోజు ఆకులు వాలతాయి, అప్పుడే నువ్వు కంగారుపడేది. నీళ్లు పీల్చేది లావు వేరు కాదే, కొనల దగ్గరుండే మూలకేశాలు, కంటికి దూదిలా కనిపిస్తాయి, మొక్కని కదిలిస్తే ముందు తెగేవి అవే. 1937లో హోవార్డ్ డిట్మర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త నాలుగు నెలల వయసున్న ఒక్క రై మొక్క (గోధుమలాంటి ధాన్యంలే) వేర్లు లెక్కేస్తే మొత్తం పొడవు 600 కిలోమీటర్లు దాటింది, మూలకేశాలు సుమారు 1400 కోట్లు వచ్చాయి. అన్ని ఉన్నాయి కాబట్టే బతుకుతుంది, కొన్ని రోజులు టైమిస్తే మళ్లీ పుట్టిస్తుంది. నువ్వు మాత్రం వాడిందని బక్కెట్లకి బక్కెట్లు కుమ్మరించావనుకో, మట్టిలో గాలి పోయి వేరు కుళ్లుతుంది, కుళ్లితే ఇంకా వాడుతుంది, నువ్వు ఇంకా పోస్తావు. మడ చెట్లకైతే బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాసవేర్లున్నాయి, నీ మొక్కలకి లేవు. వేలు గుచ్చి చూడు, లోపల తడుంటే ఆగు. గుంటలో ఎరువు కూడా గుమ్మరించకు, దాన్లోని ఉప్పు మట్టిలో ఎక్కువైతే వేరు పీల్చడం పోయి ఉన్న నీరే బయటికి పోతుంది.

చిన్నప్పుడు తడిగుడ్డలో చిక్కుడు గింజ మొలకేసి వేరు పైకుండేలా తిప్పి పెట్టావు గుర్తుందా, మర్నాటికి అది మళ్లీ కిందకి వంగిందని, నేనే మార్చేశానని ఏడ్చావు. వేరు కొనకుండే తొడుగులో పిండి రేణువులుంటాయి, బరువుకి అడుగుకి జారతాయి, కింద ఎటో వేరుకి అలా తెలుస్తుంది. ఆ కొన అంత సున్నితం కాబట్టే చెప్తున్నా, మొక్కని కాండం పట్టి లాగకు, కుండీ తలకిందులు చేసి చేతిలోకి జారనియ్యి.

మర్రి ఉందంట కదా నీ దగ్గర, దాన్ని గోడ దగ్గర పెడితే మాత్రం ఊరుకోను. ఊడలు నేలకి దిగి స్తంభాల్లా లావవుతాయి, నీ జాగా సరిపోదు, అది కుండీలోనే ఉండనీ. ఖాళీల్లో బఠానీ జాతివి ఏవైనా చల్లు, వాటి వేరు బుడిపెల్లో రైజోబియం బాక్టీరియా గాలిలో నత్రజనిని పట్టిస్తుంది. ఒక బుడిపె కోసి చూడు, లోపల గులాబి రంగుంటే పనిచేస్తున్నట్టు, బూడిద రంగుంటే లేదన్నట్టు. క్యారెట్ నారు మాత్రం పీకి నాటకు, తల్లివేరు విరిగితే చీలిపోయి వంకర్లు తిరుగుతుంది, గింజే నేరుగా వెయ్యి.

మొదటి కుండీ తీయగానే గుంటలో పెట్టెయ్యకుండా నాకో ఫోటో పంపు, పూలూ ఆకులూ కాదు, అడుగున వేర్లు కనపడేలా. నేను చూసి ఫోన్ చేస్తా, ఈలోపు వేర్ల మీద తడి గోనె కప్పి నీడలో ఉంచు.

మీ పెద్దమ్మ