పసిబిడ్డ వచ్చేలోపు ఇంట్లోంచి ఏమేమి తీసివేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు మూడు నెలల పసిబిడ్డతో త్వరలో మా ఇంటికి రాబోతున్నారు. కొన్నాళ్లు అందరూ ఇక్కడే ఉంటారు. ఆ తర్వాత కోడలు ఉద్యోగంలో చేరితే పగటి వేళ బిడ్డ మా దగ్గరే ఉంటుంది. మావారు కొనవలసిన వస్తువుల జాబితా రాయడం మొదలుపెట్టారు. మంచం చుట్టూ కట్టే మెత్తలనీ, నడక నేర్పే చక్రాల బండి అనీ అది రోజురోజుకూ పెరుగుతోంది. మా అబ్బాయి పడుకున్న ఊచల మంచం అటక మీద ఉంది, వాడి చిన్ననాటి బట్టలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. బిడ్డ కోసం ఒక గదికి రంగు కూడా వేయిద్దామనుకుంటున్నాం. ఏది ముందు చేయాలి, ఏది అసలు అక్కరలేదు?
– ఒక నాయనమ్మ

సమాధానం: అమ్మా, మీవారి జాబితాను ప్రస్తుతానికి పక్కన పెట్టించి, ఇంట్లోంచి తీసివేయవలసిన వాటి జాబితా ఒకటి రాయమనండి. పసిబిడ్డకు కావలసిన వస్తువులు నిజానికి చాలా తక్కువ. అపాయం తెచ్చిపెట్టేవి మాత్రం పెద్దవాళ్లే ఉండే ఇంట్లో ఏళ్ల తరబడి పేరుకుని, చూసి చూసి అలవాటైపోయి, ఇక కంటికి ఆననట్టు ఉంటాయి. ఇంకో మాట: ఇంటిని ఒక్కసారి సర్దితే సరిపోదు. మూడు నెలల బిడ్డ దాదాపుగా పడుకోబెట్టిన చోటే ఉంటుంది కనుక (మంచం అంచున మాత్రం ఆ వయసులో కూడా ఒక్క క్షణం వదలకూడదు) ఇప్పుడు చూసుకోవలసింది పడక, స్నానం, గాలి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య బిడ్డ బోర్లాపడుతుంది, ఆరు నుంచి పది నెలల మధ్య దోగాడుతుంది, ఏడాది నిండే వేళకు దేన్నో ఒకదాన్ని పట్టుకుని నిలబడుతుంది. నేలమీది సంగతులకు అంతవరకు గడువు ఉంది, అయితే దోగాడేదాకా ఆగకుండా బోర్లాపడిన నాడే ఆ పనికి పూనుకోండి.

పడక విషయంలో మీ తరం నేర్చుకున్నదానికీ ఇప్పటి వైద్యులు చెప్పేదానికీ చాలా తేడా ఉంది. అత్తాకోడళ్ల మధ్య మాట పట్టింపులు వచ్చేది కూడా ఎక్కువగా ఇక్కడే. కక్కిన పాలు గొంతుకు అడ్డుపడతాయన్న భయంతో ఒకప్పుడు బిడ్డను బోర్లానో పక్కకో పడుకోబెట్టమని చాలాచోట్ల వైద్యులే చెప్పేవారు. 1990ల తొలి సంవత్సరాల నుంచి అనేక దేశాల్లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం జరిగాక, కారణం తెలియకుండా నిద్రలోనే సంభవించే శిశుమరణాలు ఆయా దేశాల్లో సుమారు సగానికి తగ్గాయి. పాలు అడ్డుపడతాయన్న భయం కూడా సరైనది కాదు. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన, ఆహార గొట్టం దాని కింద ఉంటాయి, అందువల్ల పైకి వచ్చిన పాలు గాలి గొట్టంలోకి ఎగబాకడం కష్టం. బోర్లా ఉన్నప్పుడే అవి సులువుగా అందులోకి జారగలవు. కాబట్టి పగలైనా రాత్రైనా గట్టిగా, చదునుగా ఉన్న పరుపు మీద, దానికి బిగుతుగా సరిపోయే దుప్పటి ఒక్కటే పరచి, వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండు, బొంత, మెత్తటి బొమ్మలు, చుట్టూ కట్టే మెత్తలు ఏవీ ఉండకూడదు, ఎందుకంటే ముక్కు వాటికి ఆనుకుపోతే పక్కకు తిప్పుకునే నేర్పు అంత చిన్న బిడ్డకు ఉండదు. సోఫాలో కూర్చుని బిడ్డను గుండెల మీద వేసుకుని కునుకు తీయడం చూడముచ్చటగా ఉంటుంది గానీ, అన్నిటికన్నా ప్రమాదకరమైన నిద్ర అదే. చలి వేస్తోందేమోనని మరో పొర కప్పే ముందు చేతులూ కాళ్లూ కాదు, మెడ వెనక భాగం తాకి చూడండి. అక్కడ వెచ్చగా ఉంటే చాలు, చెమట పడుతుంటే ఒక పొర తీసివేయాలి.

కనీసం ఆరు నెలలు నిండేదాకా బిడ్డ తల్లిదండ్రులు పడుకునే గదిలోనే, వేరే పడక మీద పడుకోవడం మంచిదని వైద్యులు చెబుతారు కాబట్టి, వేరుగా ఒక గదిని అలంకరించే పని మీకు లేదు. రంగు వేయించే తీరాలనుకుంటే ఆ పనిని బిడ్డ ఇంటికి రావడానికి కొన్ని వారాల ముందే ముగించి, కిటికీలు తెరిచి ఉంచి, వాసన పూర్తిగా పోయేలా చూడండి. అంతకన్నా ముఖ్యం, ఇల్లు పాతదైతే గోడల మీది పాత రంగును పొడిగా గీకించవద్దు. పాత రంగుల్లో సీసం కలిసి ఉండే అవకాశం ఎక్కువ. గీకినప్పుడు లేచే దుమ్ము నేలమీద పేరుకుంటుంది, ఆ తర్వాత దోగాడే బిడ్డ ఆ చేతుల్నే నోట్లో పెట్టుకుంటుంది. సీసం ఇంత వరకు ఒంట్లో చేరినా ఫరవాలేదు అని చెప్పడానికి వీలైన హద్దంటూ లేదు, ఎదిగే మెదడుకు అది ఎంత కొద్దిగా అయినా చెరుపే.

ఇక అటక మీది మంచం. ముందు స్కేలు తీసుకుని ఊచల మధ్య ఖాళీ కొలవండి. 6 సెంటీమీటర్లు దాటితే ఒళ్లు జారి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది కనుక ఆ మంచం పనికిరాదు. పరుపుకూ చెక్కకూ మధ్య రెండు వేళ్లు దూరినా, మరలు వదులై ఊగుతున్నా, రంగు పెచ్చులుగా లేస్తున్నా అదే మాట. ఒక పక్క కిందికి జారేలా చేసిన రకమైతే కొలిచే శ్రమ కూడా అనవసరం. అలాంటి మంచాల అమ్మకాన్ని అమెరికాలో 2011లో పూర్తిగా నిషేధించారు. మీ అబ్బాయి అందులో పడుకుని క్షేమంగానే పెరిగాడు కదా అని మీకు అనిపించడం సహజం, కానీ ఆపద తప్పిపోయిన ఇళ్లు మాత్రమే ఆ మాట అనగలవు.

ట్రంకు పెట్టె గురించి ఎవరూ అడగరు కానీ, నాకు మంచం కన్నా దాని మీదే ఎక్కువ అనుమానం. మూత తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమంటే ఆ బట్టలు, దుప్పట్లు బిడ్డ దగ్గరికి రానివ్వకండి. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఆవిరి బట్టకు పట్టుకుని, ఊపిరి ద్వారానూ చర్మం ద్వారానూ లోపలికి చేరుతుంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలను విరిచివేసి, తీవ్రమైన కామెర్లకు, రక్తహీనతకు దారి తీయగలదు. ఉండల మధ్య దాచిన బట్టలు తొడగడం వల్లే అలా జరిగిన సందర్భాలు వైద్య గ్రంథాలకు ఎక్కాయి. ఆ లోపం ఉన్నదీ లేనిదీ పైకి చూస్తే తెలియదు. ట్రంకులోని బట్టలనే కాదు, బీరువా మూలల్లోనూ స్నానాల గదిలోనూ వేసిన ఉండలను కూడా వాళ్లు రావడానికి ముందే ఏరి పారేయండి. తెల్లగా, గుండ్రంగా, మిఠాయి బిళ్లలా ఉండే వాటిని తర్వాత్తర్వాత దోగాడే బిడ్డ నోట్లో వేసుకోవడానికి క్షణం పట్టదు.

చక్రాల బండిని జాబితాలోంచి నిరభ్యంతరంగా కొట్టివేయండి. దానివల్ల నడక ముందుగా రాదు సరికదా, బిడ్డ మీరు లేచి చేయి చాపేలోపే మెట్ల దాకానో పొయ్యి దాకానో వెళ్లిపోగలదు. కెనడా 2004లో ఆ బండ్ల అమ్మకాన్నే నిషేధించింది. గోడలకు అంటించే బొమ్మలకూ తొందర లేదు, ఎందుకంటే తొలి నెలల్లో బిడ్డకు బాగా కనబడేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే, అంటే ఎత్తుకున్న వాళ్ల ముఖం.

ప్రశ్న: నాకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. మరచిపోకుండా ఉండడానికి వారానికి సరిపడా మాత్రలు గళ్ల డబ్బాలో వేసి భోజనాల బల్ల మీద పెట్టుకుంటాను. మనవరాలు ఇప్పుడిప్పుడే బల్ల పట్టుకుని నిలబడుతోంది. డబ్బా అక్కడ పెట్టవద్దని మా కోడలు గట్టిగా అంటోంది. అంత భయపడాలా?
– ఒక తాతయ్య

సమాధానం: భయపడాలండీ, మీ కోడలి మాటే సరైనది. షుగర్ తగ్గించడానికి వాడే మాత్రల్లో గ్లిమెపిరైడ్, గ్లిపిజైడ్ వంటివి ఒక్కటి మింగినా చిన్నపిల్లల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, అది కూడా వెంటనే కాకుండా కొన్ని గంటల తర్వాత, అంతా బాగానే ఉందని ఇంట్లో వాళ్లు ఊరట చెందాక. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వంటివీ ఆ వయసు వారికి అలాగే ముప్పు తెస్తాయి. పెద్దల వేళ్ల నొప్పులను దృష్టిలో పెట్టుకుని తేలిగ్గా తెరుచుకునేలా చేసిన గళ్ల డబ్బా పిల్లలకూ అంతే తేలిగ్గా తెరుచుకుంటుంది. దాన్ని ఎత్తైన చోట, తాళం వేసిన అలమారలో పెట్టండి. ఎత్తు ఒక్కటే చాలదు, కుర్చీ ఎక్కడం పిల్లలకు త్వరలోనే వస్తుంది. మందు వేళ గుర్తుండడానికి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మాత్ర వేసుకునేటప్పుడు ఒక పళ్లెం మీద చేయి పెట్టి వేసుకుంటే, జారినది కుర్చీ కిందికి దొర్లిపోదు. పెద్దల చూపుకు అందని ఆ ఒక్క మాత్రే నేల మీద దోగాడే పిల్లకు మొదట దొరుకుతుంది. ఇంటికి వచ్చిన చుట్టాల చేతిసంచులు కూడా నేల మీద ఉండనివ్వకండి, వాటిలోనూ మాత్రలు ఉంటాయి.

మీరు అడగకపోయినా బటన్ బ్యాటరీల సంగతి చెప్పాలి. రిమోట్లలో, తూనిక యంత్రాల్లో, కొన్ని బొమ్మల్లో నాణెంలా ఉండే ఆ బిళ్ల ఆహార గొట్టంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అక్కడి కండను కాల్చివేయగలదు. మూతకు మర బిగించే వీలు లేని రిమోట్‌ను మనవరాలికి అందనివ్వకండి. మింగిందన్న అనుమానం కలిగినా సరే, దగ్గు, నొప్పి వంటివి కనబడేదాకా చూడకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మాత్ర మింగినా, బ్యాటరీ మింగినా వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు. మాత్రల పట్టీనో బ్యాటరీ కవరునో వెంట తీసుకువెళితే వైద్యులకు పని సులువవుతుంది.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు. వంగి లేవాలంటే కష్టం. పుట్టబోయే మనవణ్ణి ఎత్తుకుని నేనే పడిపోతానేమోనని దిగులుగా ఉంది. నా వంటి వాళ్లు ఇంట్లో ఎటువంటి మార్పులు చేసుకోవాలి?
– ఒక అమ్మమ్మ

సమాధానం: మీ దిగులు న్యాయమైనది, ఇలా ముందుగా ఆలోచించేవారు తక్కువ. బిడ్డ కోసం చేసే మార్పుల్లో సగం మీకూ రక్షణే. నేల మీద జారే చిన్న చిన్న తివాచీలు, నడిచే దారిలో పాకే వైర్లు తీసివేయించండి. పడక నుంచి స్నానాల గది దాకా రాత్రంతా చిన్న దీపం వెలిగేలా చూడండి. బిడ్డకు బట్టలు మార్చే చోటు మీ నడుము ఎత్తున ఉంటే వంగే పని తప్పుతుంది, కానీ అలాంటి చోట మార్చేటప్పుడు ఒక చేయి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి, కావలసిన గుడ్డలన్నీ రెండో చేతికి అందేలా ముందే పెట్టుకోవాలి. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి ఆ దగ్గరే ఉంచుకుని, మీరు ముందు కూర్చున్నాక బిడ్డను ఒడిలోకి అందించమనండి. మెట్లు ఎక్కేటప్పుడు ఒక చేయి కమ్మీ మీద ఉండి తీరాలి. అది కుదరని రోజు బిడ్డను మరొకరు ఎత్తుకోవలసిందే, ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

స్నానం పని మాత్రం మీరు ఒంటరిగా పెట్టుకోవద్దు. తొట్టిలో ముందు చన్నీళ్లు, ఆ తర్వాత వేడినీళ్లు పోసి, బాగా కలిపి, మోచేయి ముంచి చూడాలి. గోరువెచ్చగా, అంటే 37, 38 డిగ్రీల దగ్గర ఉంటే సరిపోతుంది. గీజర్‌ను 49 డిగ్రీలకు మించకుండా తగ్గించి పెట్టించండి, ఎందుకంటే 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చగలదు. స్నానం అయ్యాక తొట్టిని, బకెట్లను వెంటనే బోర్లించడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. బకెట్ అంచు పట్టుకుని నిలబడే వయసులో పిల్లల తల బరువు ఎక్కువ, తలకిందులుగా పడితే తిరిగి లేవలేరు, నాలుగు వేళ్ల లోతు నీళ్లున్నా ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: పసిబిడ్డను చూడబోయే ముందు మేమూ టీకాలు వేయించుకోవాలని మా అమ్మాయి అంటోంది. ఈ వయసులో మాకెందుకు?
– ఒక అమ్మమ్మ

సమాధానం: టీకా మీ కోసం కన్నా బిడ్డ కోసమే అనుకోండి. కోరింత దగ్గు పెద్దవాళ్లలో మామూలు దగ్గులాగే ఉండిపోవచ్చు, కానీ రెండు మూడు నెలల లోపు బిడ్డకు సోకితే ఊపిరి ఆగిపోయేంత ప్రమాదం. బిడ్డకు తన మొదటి టీకా వేయించే వయసు వచ్చేదాకా చుట్టూ ఉన్నవాళ్లే అడ్డుగోడ. మీ వైద్యులను అడిగి ఆ టీకా, దానితోపాటు ఫ్లూ టీకా, బిడ్డను చూడడానికి కనీసం రెండు వారాల ముందే వేయించుకోండి, రక్షణ ఏర్పడడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్న రోజుల్లో మాత్రం ముద్దు పెట్టుకోవడం పూర్తిగా మానుకోండి.