నీ హీరోకి ఏం రాదో చెప్పు

అమ్మాయ్,

నీ మాంగా, అదే ఆ జపాన్ తరహా బొమ్మల కథ, చేరింది. బొమ్మలు 32 పేజీలు, వెనక ప్రశ్నలు నాలుగు పేజీలు. పదకొండో పేజీ దగ్గర చిరాకేసి లేచి వెళ్లి టీ పెట్టుకున్నాను. మీ వాలీబాల్ హీరో రెన్ సర్వీస్ అందుకోబోతున్నాడు, బంతి గాల్లో ఉంది. దాన్ని అక్కడే ఆపేసి ఆరు పేజీల పాటు వాళ్ల నాన్న చావు చూపించావు. వాన, అంబులెన్స్, ఆస్పత్రి వరండా, బురదలో వాలీబాల్. పదిహేడో పేజీలో బంతి కిందికొచ్చింది, రెన్ కళ్లు మెరిశాయి, పాయింట్ వచ్చేసింది.

మామూలుగా అయితే అక్కడే మూసేసేవాణ్ని. కానీ 22వ పేజీలో కింద మూలన ఒక చిన్న గడి ఉంది. రెన్ రిసీవ్, అంటే అవతలి సర్వీస్ అందుకోవడం, చెడగొట్టాడు. జట్టులో ఎవరూ ఏమీ అనలేదు. వాడు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. అనుమానం వచ్చి ముందు గడి చూశాను. లేసు ఊడలేదు, బిగుతుగానే ఉంది. దానికి నువ్వు ఒక్క మాట కూడా రాయలేదు, ఏడుపు మొహం కూడా వెయ్యలేదు. ఆ గడి నువ్వు తెలిసి వేశావో, ఖాళీ కనబడితే నింపావో నాకు తెలీదు. ఈ ఉత్తరం రాయడానికి మాత్రం అదే కారణం.

హీరో గుర్తుండిపోవాలంటే ఏం చెయ్యాలి అని అడిగావు. నా జవాబు ఒకటే, నన్నెరిగిన వాళ్లంతా విని విని విసిగిపోయారు, ఇప్పుడు నీ వంతు. ఆటల కథలో హీరోని పాఠకుడు పట్టుకునేది వాడు కోర్టులో చేసే తప్పుని బట్టి. ఆ తప్పు వాడి ఒంట్లోంచి, వాడి బుద్ధిలోంచి రావాలి. వేరే ఆటగాడు ఆ తప్పు ఆ రకంగా చెయ్యకూడదు. మీ రెన్ 32 పేజీల్లో ఒక్క రిసీవ్ తప్ప ఏదీ చెడగొట్టడు. వాడికి ఏం రాదో నాకు చెప్పలేదు నువ్వు. నాన్న లేడని మాత్రం ఆరుసార్లు చెప్పావు.

'స్లామ్ డంక్' అనే బాస్కెట్‌బాల్ మాంగా చూడు. తకెహికో ఇనోవె 1990 నుంచి 1996 దాకా వారం వారం వేశాడు, 31 సంపుటాలు. అందులో సకురాగి హనమిచికి ఎర్ర జుట్టుందని, పొడుగని, మిడిల్ స్కూల్లో 50 మంది అమ్మాయిలు కాదన్నారని అందరూ చెబుతారు. అవన్నీ సరదా వివరాలు. నాకు వాణ్ని పట్టించినవి ఫౌళ్లు. బాస్కెట్‌బాల్‌లో ఐదు ఫౌళ్లయితే బయటికి పంపేస్తారు కదా, అసలు టోర్నమెంట్ మొదలయ్యాక వాడు మ్యాచ్ తర్వాత మ్యాచ్ అలాగే బయటికి పోతుంటాడు. ఎందుకు? వీధి గొడవల్లో పెరిగిన బలం వాడిది. మనిషి అడ్డొస్తే గుద్దడమే తెలుసు, ఆగడం తెలీదు. వాడి గతమంతా ఆ ఫౌళ్లలో ఉంది. ఫ్లాష్‌బ్యాక్ అక్కర్లేదు, రిఫరీ విజిల్ చాలు.

కైనాన్‌తో మ్యాచ్ చివరికి రా. సకురాగి జట్టు షోహోకు రెండు పాయింట్లు వెనకబడి ఉంది, క్షణాలే మిగిలాయి. రిబౌండ్, అంటే బుట్టలో పడక తిరిగొచ్చిన బంతి, సకురాగి చేతికొచ్చింది. రిబౌండ్ అంటే అప్పటికి వాడికి నిజంగా వచ్చిన ఒకే ఒక్క విద్య. పట్టుకున్నాడు, కంగారులో కెప్టెన్ అకాగి అనుకుని ఎదుటి జట్టు వాడికి పాస్ ఇచ్చేశాడు. 90-88తో ఓడిపోయారు. నోటికొచ్చినట్టు 'నేను జీనియస్‌ని' అని కోసే కుర్రాడు అక్కడ ఏడుస్తాడు, తర్వాత గుండు కొట్టించుకుని వస్తాడు. ఆ ఎర్ర జుట్టు మీద అన్ని సంపుటాలుగా నవ్వించి, సరిగ్గా ఒక తప్పుకి దాన్ని తీసేయించాడు ఇనోవె. గుండు మీద వాడి తప్పు కనబడుతూ ఉంటుంది, జుట్టు పెరిగే దాకా. ఇలాంటిది ఆలోచించడానికి బుర్ర కావాలి. చనిపోయిన నాన్నని తేవడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు.

తర్వాత కోచ్ అంజాయ్ వాడితో 20,000 షాట్లు వేయిస్తాడు. చెయ్యి ఎలా పెట్టాలి, మోకాలు ఎక్కడ వంచాలి, అంతా పాఠమే. సన్నో జట్టుతో, ఇనోవె వేసిన చివరి మ్యాచ్‌లో వీపు దెబ్బతిన్నా వాడు వేసిన గెలుపు షాట్, ఆ మామూలు జంప్ షాటే. ఎడమ చెయ్యి ఊరికే ఆనించి ఉంచాలి, అంతే. 79-78. ఆ షాట్ చూసి మనకి ఒళ్లు జలదరిస్తుందంటే, వాడికి అది రానప్పటి రోజులు మనకి తెలుసు కాబట్టి. ఆ తర్వాతి మ్యాచ్‌లో షోహోకు చిత్తుగా ఓడిపోతుంది. ఇనోవె ఆ మ్యాచ్ వెయ్యనే లేదు, రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాడు. మన సంపాదకులెవరైనా ఒప్పుకునేవారా దీనికి?

సంపాదకులంటే గుర్తొచ్చింది. తొంభైల్లో ఒక వారపత్రికకి నేను కబడ్డీ మీద సీరియల్ రాశాను. పేరు వద్దులే, ఆ పత్రిక ఇప్పుడు లేదు. నా హీరో మంచి రైడర్. కానీ అవతలి కోర్టులో ఎవరి మొహమైనా వింతగా కనబడితే నవ్వు ఆపుకోలేడు. నవ్వితే కూత తెగుతుంది, కూత తెగితే అవుట్. నాకెంతో ముద్దొచ్చిన తప్పు అది. ఊళ్లో అలాంటి ఒకణ్ని చూసే రాశాను. సంపాదకుడు గారు పిలిపించి, "హీరో కూత ఆపడమేంటండీ, పరువు తక్కువ" అన్నారు. నవ్వు కొట్టేసి, తల్లికి జబ్బు పెట్టమన్నారు. సెంటిమెంట్ ఉండాలట. నేను కాదంటే ఆయనే రాయించి వేశారు. పాఠకుల ఉత్తరాలు సంచీలో వచ్చాయి, అన్నీ అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉందని. కబడ్డీ గురించి ఒక్కరూ అడగలేదు. ఆ సీరియల్ డబ్బు రావడానికి ఎంతకాలం పట్టిందో చెబితే నువ్వు రాయడం మానేస్తావు.

అందుకే తండ్రి చావు ఆరు పేజీలు చూడగానే నాకు ఆ ఆఫీసు వాసన వచ్చింది.

గతం వద్దని నేను అనడం లేదు. ఒంట్లోకి దించమంటున్నాను. 'హజిమె నో ఇప్పో'లో ఇప్పో వాళ్లది చేపల పడవ. ఊగే పడవ మీద చిన్నప్పట్నుంచి అమ్మకి సాయం చేసీ చేసీ వాడి నడుము, కాళ్లు గట్టిపడ్డాయి. బాక్సింగ్‌లో వాడి దెబ్బకి ఆ బలం అక్కణ్నించే వచ్చింది. 'ఐషీల్డ్ 21'లో సేనాని చిన్నప్పట్నుంచి అందరూ అది తే ఇది తే అని పరిగెత్తించారు. దెబ్బలు తప్పించుకుంటూ జనంలోంచి దూరిపోవడం అలా అబ్బింది, అమెరికన్ ఫుట్‌బాల్‌కి అదే పనికొచ్చింది. ఇద్దరికీ ఇంటి కష్టం ఆటలో కనబడుతుంది, విడిగా చెప్పాల్సిన పని పడదు. మరి రెన్ వాళ్ల నాన్న ఏం చేసేవాడు? నీ కథలో లేదు. తాపీమేస్త్రీ అయితే, కొడుకు ఇటుకలు అందుకుని ఉంటే, వాడి అరచేతులు బంతిని ఒకలా తీసుకుంటాయి. ఆలోచించు.

ఒంటి సంగతి కాబట్టి 'అషితా నో జో' గురించి చెప్పకుండా ఉండలేను. ఈ బాక్సింగ్ మాంగా 1968లో మొదలై 1973లో ముగిసింది. కథ ఇక్కీ కజివారా వేరే పేరుతో రాశాడు, బొమ్మలు టెట్సుయా చిబావి. మురికివాడ నుంచి వచ్చిన జో రెండు చేతులూ కిందికి వేలాడదీసి, కొట్టమని మొహం చూపిస్తాడు. బాక్సింగ్ నేర్పే ఏ గురువైనా అది తప్పంటాడు. జో అంటే ఆ వేలాడే చేతులే. వాడి ప్రత్యర్థి రికిషి ఒళ్లు పెద్దది. ఇద్దరూ ఒకే తరగతిలో తలపడాలంటే రికిషి బరువు తగ్గి బాంటమ్‌వెయిట్‌కి దిగాలి. దాహానికి తట్టుకోలేడని జిమ్‌లో కుళాయిలన్నీ తీగలతో కట్టేస్తారు. చిబా మొదట్లో అతన్ని అంత పెద్దగా గీసేయడం వల్లే ఈ బరువు తగ్గే కథ పుట్టిందని చెబుతారు. అంటే బొమ్మలో జరిగిన పొరపాటు కథైంది! రికిషి ఆ మ్యాచ్ గెలిచి చనిపోతాడు. 1970 మార్చిలో టోక్యోలో ఆ బొమ్మ మనిషికి నిజంగా అంత్యక్రియల సభ జరిపారు, కవి షుజి తెరయామా పూనుకుని. వందల మంది వచ్చారు. అతను హీరో కూడా కాదు చూడు. నీళ్లు తాగలేని ఒక ఒళ్లు, అంతే.

నువ్వు గీసేది వాలీబాల్ కాబట్టి 'హైక్యూ' బాగా చదివే ఉంటావు. రెన్ ఎగిరే తీరు చూస్తే తెలుస్తోంది, కాస్త ఎక్కువే చదివావు. మరి దాని హీరో హినాతా నుంచి ఎగరడం తీసుకున్నావు గానీ చేతగానితనం ఎందుకు తీసుకోలేదు? 162.8 సెంటీమీటర్ల కుర్రాడు, రిసీవ్ రాదు, బంతి మొహానికి తగులుతుంటుంది. జట్టులో బంతి లేపే కగెయామా వేగంగా వేసే క్విక్ టాస్‌ని మొదట్లో కళ్లు మూసుకుని కొడతాడు. కళ్లు మూసుకుని! తర్వాత తనే కళ్లు తెరిచి కొడతానంటాడు, దానికోసం ఇద్దరూ కొట్టుకునేదాకా వస్తుంది. పిలవని శిక్షణ శిబిరానికి వెళ్లి బంతులు ఏరుతూ, ఇతరుల కాళ్లు చూస్తూ రిసీవ్ నేర్చుకుంటాడు. ఇంత చేసి, జాతీయ టోర్నమెంట్‌లో జ్వరం వచ్చి మ్యాచ్ మధ్యలో కోర్టు దిగిపోవాల్సి వస్తుంది. దాని రచయిత ఫురుదాతె ఎనిమిదేళ్లు నడిపిన కథలో నాకు అన్నిటికంటే గట్టిగా తగిలిన చోటు అది. విలన్ లేడు. ఎవరూ చావలేదు. అతిగా ఆడిన ఒళ్లు మొరాయించింది, అంతే.

ఈ మధ్య వస్తున్న వాటిలో సగం నాకు నచ్చవు. బంతి తగలకముందే వీపు వెనక మంటలు, పులులు, కళ్లలో కరెంటు. ఫుట్‌బాల్ మాంగా 'బ్లూ లాక్' మొదటి అధ్యాయం మాత్రం ఒప్పుకుంటాను. ఇసాగి గోల్ ముందు తను కొట్టాల్సిన బంతిని పక్కవాడికి పాస్ ఇస్తాడు, వాడు పోగొడతాడు, మ్యాచ్ పోతుంది. మంచితనమే తప్పైంది. ఆ తర్వాత మంటలు మొదలయ్యాక నేను మానేశాను. మా మనవడు ఇప్పటికీ దెబ్బలాడుతూనే ఉంటాడు నాతో.

కథ జపాన్‌లో ఉంచాలా, రెన్‌ని రవి చేసి మన ఊరికి తేవాలా అని అడిగావు. పేరు మారిస్తే ఏమొస్తుంది? 1966లో మొదలైన బేస్‌బాల్ మాంగా 'క్యోజిన్ నో హోషి'ని 2012లో కలర్స్ టీవీకి క్రికెట్‌గా మార్చి 'సూరజ్: ది రైజింగ్ స్టార్' అని తీశారు. అందులో మన హైదరాబాద్ డీక్యూ యానిమేషన్ సంస్థ చెయ్యి కూడా ఉంది. కొడుకుని రాచి రంపాన పెట్టే తండ్రి అక్కడా ఉన్నాడు, ఇక్కడా ఉన్నాడు. ఆ తండ్రి లేకుండా బ్యాటు మాత్రం మార్చి ఉంటే ఎవరు చూసేవారు? నీకు జపాన్ హైస్కూల్ జట్టే మనసులో ఉంటే అక్కడే ఉంచు. కాకపోతే వాళ్ల జిమ్ ఎవరు తుడుస్తారు, జూనియర్లు ఏ పనులు చేస్తారు, ఓడిన సీనియర్లకి ఆట అక్కడితో ఎలా ముగిసిపోతుందో తెలుసుకుని గియ్యి. నీ కథలో మూడో ఏడాది వాళ్లు ఓడిపోతామన్న భయమే లేకుండా ఉన్నారు. వాళ్లకి ఆ మ్యాచే ఆఖరుది కావచ్చు కదా.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని. సాయంత్రం వాలీబాల్ ఆడే చోటు మీ దగ్గర ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. వెళ్లి కూర్చో. పాయింట్ తెచ్చినవాణ్ని చూడకు, పోగొట్టినవాణ్ని చూడు. బంతి మళ్లీ సర్వీస్‌కి పోయేలోపు కొన్ని క్షణాలుంటాయి. ఒకడు తన అరచేతి వైపు చూసుకుంటాడు, తప్పు చెయ్యిదన్నట్టు. ఒకడు నెట్‌ని పట్టి లాగుతాడు. ఒకడు ఎవరూ అనకముందే 'నాదే, నాదే' అని చెయ్యెత్తుతాడు. ఒకడు పక్కవాడి మీద అరుస్తాడు. నేను కబడ్డీ రాసే రోజుల్లో గ్రౌండ్ పక్కన గోడెక్కి ఇదే పని చేసేవాణ్ని, పనీపాటా లేనివాడని మా ఇంటికి చెప్పి పంపారు కూడా. నోట్‌బుక్ తీసుకెళ్లకు, రాస్తున్నావని తెలిస్తే వాళ్లు ఆట మార్చేస్తారు.

తర్వాత ఆ ఆరు పేజీలూ తీసెయ్యి. అక్కడ రెన్ మూడు రిసీవ్‌లు వరసగా పోగొట్టాలి, మూడూ ఒకే కారణంగా. మూడోసారి కెప్టెన్ వాడి దగ్గరికొచ్చి, కట్టుకోవడం అయ్యిందా అని లేసు వైపు చూడాలి. ఏం జవాబు చెబుతాడో నువ్వే తేల్చుకో, నాకు చెప్పొద్దు.

ఏ యాప్‌లో గియ్యాలి, జపాన్ పత్రికలకి ఎలా పంపాలి, కాపీరైట్ ఎలా అన్న ప్రశ్నలకి నా దగ్గర జవాబుల్లేవు. కలం పేరు గురించి అడిగింది చదివి నవ్వుకున్నాను. బొమ్మల్లో చేతులు బాగున్నాయి, మోకాళ్లు బాగాలేవు.

ఇంకొకటి. ఫైనల్లో ఐదో సెట్ 25-19తో గెలిపించావు. ఐదో సెట్ 15కే అయిపోతుంది. ముందు అది దిద్దు.

ఆశీస్సులతో